మాయ ఇచ్చిన తల్లికి వాటా ఏది?

తెలుగులో మాయ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిన భ్రమ. రెండోది కాన్పులో బిడ్డ వెనకాలే బయటికి వచ్చేది. తొమ్మిది నెలలు బిడ్డకు తిండీ గాలీ అందించి, పని తీరగానే ఎవరికీ పట్టకుండా పోయేది. కొన్ని ఊళ్లలో మావి అంటారు. పేరేసంద్ర, బాగేపల్లి, చింతామణి వైపు మనం ఇంట్లో తెలుగూ ఆఫీసులో కన్నడమూ మాట్లాడేవాళ్లం కాబట్టి మనకు ఇంకో మాట కూడా తెలుసు. ఆవు ఈనాక పడే మాయను కన్నడంలో ‘కస’ అంటారు. కస అంటే చెత్త.

ఆ చెత్తలోంచి తీసిన కణాలతో దెబ్బతిన్న గుండెను బాగు చేయవచ్చా అని ఇప్పుడు పెద్ద పెద్ద ప్రయోగశాలలు వెతుకుతున్నాయి. ఈ సంగతి మన సంఘాల దాకా వచ్చేసరికి రెండు రకాల మాటలుగా మారుతోంది. “స్టెమ్ సెల్స్ అంటే గర్భంలో బిడ్డల్ని చంపి తీసేవి, విశ్వాసి వాటి జోలికి పోకూడదు” అనేది ఒకటి. “ఆపరేషన్ లేకుండా ఇంజెక్షన్‌తో గుండె కొత్తదవుతుందట, ఎంత అప్పయినా పరవాలేదు” అనేది ఇంకొకటి. మొదటిది తెలియక వచ్చిన భయం. రెండోది తెలియనివాళ్లకు ఎవరో అమ్ముతున్న ఆశ. ఈ రెండింటి గోలలో అసలు అడగాల్సింది అడగకుండా పోతున్నాం. ఆ మాయ ఎవరిది? ఆమెను అడిగి తీసుకున్నారా? దానితో రేపు తయారయ్యే వైద్యం తిరిగి ఆమె గడప దాకా వస్తుందా?

ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా ఈ శాస్త్రాన్ని మనం కాదనక్కర్లేదు. అలాగని జై కొట్టనూ అక్కర్లేదు.

ముందు శాస్త్రం ఏం చెబుతోందో చూద్దాం. చేతికి గాయమైతే చర్మం తిరిగి వస్తుంది. గుండెకు అలా కాదు. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోయి కండరం చచ్చిపోతే, ఆ చోట కొత్త కండరం రాదు, మచ్చ కడుతుంది. మచ్చ కొట్టుకోదు. స్వీడన్‌లోని కరోలిన్స్కా ఇన్‌స్టిట్యూట్‌లో యొనాస్ ఫ్రీసెన్ బృందం 2009లో ఒక విచిత్రమైన పద్ధతిలో దీన్ని లెక్క కట్టింది. 1950, 60లలో దేశాలు గాలిలో పేల్చిన అణుబాంబుల వల్ల వాతావరణంలో కార్బన్-14 పెరిగింది. అది ఆ కాలంలో పుట్టిన కణాల డీఎన్ఏలో చేరి ముద్రలాగా ఉండిపోయింది. ఆ ముద్రను బట్టి గుండె కణాల వయసు కనిపెట్టారు. 25 ఏళ్ల మనిషి గుండెలో ఏడాదికి 1 శాతం కండర కణాలు మాత్రమే కొత్తవి వస్తాయి. 75 ఏళ్లకు అది 0.45 శాతానికి పడిపోతుంది. పెద్ద గుండెపోటు ఒక్క దెబ్బకు వంద కోట్ల కణాల దాకా చంపగలదు. ఏడాదికి 1 శాతం చొప్పున ఎన్నేళ్లు కూడబెడితే ఆ అప్పు తీరుతుంది?

అందుకే బయటినుంచి కణాలు తెచ్చి నాటాలన్న ఆలోచన పుట్టింది. మాయ వైపు చూపు మళ్లడానికి కారణం మాత్రం తల్లులే. కాన్పుకు ముందు చివరి నెలలోనో, కాన్పయిన ఐదు నెలల లోపో కొందరు ఆడవాళ్లకు గుండె కండరం ఉన్నట్టుండి బలహీనపడుతుంది. ఇంగ్లీషులో పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటారు. ప్రాణం తీసే జబ్బే, కానీ ఇందులో ఒక వింత ఉంది. గుండె ఇలా నీరసించే మిగతా జబ్బుల కంటే దీనిలో తిరిగి కోలుకునేవాళ్లు ఎక్కువ. న్యూయార్క్‌లోని మౌంట్ సైనై (మన బైబిల్లోని సీనాయి కొండ పేరే) వైద్య కళాశాలలో హీనా చౌదరి అనే గుండె వైద్యురాలు ఈ వింతనే పట్టుకున్నారు. తల్లి గుండెను బాగుచేయడానికి కడుపులో బిడ్డ వైపు నుంచి ఏమైనా వస్తోందా?

తల్లి రక్తంలో బిడ్డ కణాలు కలుస్తాయనేది అప్పటికే తెలిసిన సంగతి. డయానా బియాంకి బృందం 1996లోనే చూపించింది. కొడుకును కన్న తల్లి రక్తంలో 27 ఏళ్ల తర్వాత కూడా మగ కణాలు దొరికాయి. చౌదరి బృందం ఆకుపచ్చగా మెరిసే గుర్తున్న పిండాలు మోస్తున్న ఎలుకలను తీసుకుంది. ఆ తల్లి ఎలుకల గుండెకు గాయమైనప్పుడు ఆ ఆకుపచ్చ కణాలు తల్లి గుండెకు చేరి, అక్కడ గుండె కణాలుగా మారడం చూసింది. ఆ తర్వాత 2019 మేలో వచ్చిన పరిశోధనలో, నెలలు నిండిన ఎలుక మాయలోంచి సీడీఎక్స్2 అనే గుర్తున్న కణాలను వేరుచేశారు. గుండెపోటు తెప్పించిన మగ ఎలుకల నరంలోకి వాటిని ఎక్కించారు. కణాలు దారి వెతుక్కుని గుండెకే వెళ్లాయి. కొత్త కండర కణాలుగా, రక్తనాళాలుగా మారాయి. మూడు నెలలకు ఆ గుండెల పనితీరు మెరుగైంది. ఆ గుర్తు లేని మాయ కణాలు ఎక్కించిన ఎలుకల్లోనూ, ఉప్పునీరు ఎక్కించిన ఎలుకల్లోనూ ఆ మెరుగుదల లేదు. నెలలు నిండిన మానవ మాయలో కూడా ఇలాంటి కణాలను వేరుచేయగలిగామని ఆ బృందం చెప్పింది.

గొప్ప సంగతే. కానీ ఇవి ఎలుకలు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇక విశ్వాసుల భయం గురించి. కొన్ని రోజుల వయసున్న పిండాన్ని నాశనం చేసి స్టెమ్ సెల్స్ తీసే పద్ధతి ఒకటి ఉంది. దాని మీద క్రైస్తవులకున్న అభ్యంతరం ఉత్తది కాదు. మాయ సంగతి వేరు. బిడ్డ పుట్టి ఏడ్చాక, తల్లి క్షేమంగా ఉన్నాక, ఎలాగూ పారేసేదాన్ని తీసుకోవడం ఇది. ఎవరి ప్రాణమూ పోదు. కతోలిక సంఘం 2008లో విడుదల చేసిన ‘డిగ్నిటాస్ పెర్సోనే’ అనే పత్రం కూడా, కాన్పు సమయంలో బొడ్డుతాడు రక్తం నుంచి కణాలు తీయడంలో దోషం లేదనే చెప్పింది. మాయకూ అదే వర్తిస్తుందని నా అభిప్రాయం. కాబట్టి ఎవరైనా వేదిక మీదినుంచి స్టెమ్ సెల్స్ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే, “అయ్యగారూ, ఏ కణాలు? ఎక్కడినుంచి తీసినవి?” అని మర్యాదగా అడగండి.

మాయ వైద్యానికి పనికొస్తుందనడానికి న్యూయార్క్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాదులో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇరవై ఏళ్లకు పైగా మాయ పొరను వాడుతోంది. సున్నం పడో, యాసిడ్ పడో కంటి నల్లగుడ్డు అంచు కాలిపోతే, చూపును కాపాడే మూలకణాలు పోతాయి. రోగి బాగున్న కంటినుంచి కొద్దిగా కణజాలం తీసి, శుభ్రం చేసిన ఉమ్మనీటి పొర మీద పెంచి, కాలిన కంటి మీద అతికిస్తారు. ఆ పొర మాయతో పాటు వచ్చేదే. కాన్పయిన తల్లులు ఇచ్చినదే. హెచ్ఐవీ, కామెర్లు లాంటివి లేవని పరీక్ష చేసి వాడతారు. వీరేందర్ సంగ్వాన్, గీతా వేముగంటి తదితరులు 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం 200 మందిలో 71 శాతం మందికి చికిత్స నిలబడింది. తర్వాత ప్రయోగశాల అవసరమే లేకుండా, ఆ ముక్కలను ఆపరేషన్ బల్ల దగ్గరే పొర మీద అతికించే తేలిక పద్ధతి కూడా అక్కడే కనిపెట్టారు. ఖర్చు తగ్గింది, వేరే ఆసుపత్రులూ నేర్చుకున్నాయి. ఆ సంస్థ రోగుల్లో సగం మందికి పైగా డబ్బు తీసుకోదు. ఒక తల్లి ఇచ్చిన పొర ఒక కూలివాడి కంటికి చేరింది. న్యాయం అంటే నాకు కనిపించే బొమ్మ ఇదీ.

గుండె విషయంలో ఈ బొమ్మ ఇంకా తయారు కాలేదు. తయారైందని చెప్పేవాళ్లను నమ్మకూడదని చరిత్ర నేర్పింది. 2001లో పియరో అన్వెర్సా అనే శాస్త్రవేత్త పాల్గొన్న బృందం, ఎముక మజ్జ కణాలు ఎలుక గుండెను తిరిగి మొలిపిస్తాయని ప్రకటించింది. ప్రపంచమంతా దాని వెనక పరిగెత్తింది. వేరే ప్రయోగశాలలు అదే పని చేసి చూస్తే ఫలితం రాలేదు. అయినా ఏళ్ల తరబడి డబ్బు పారింది, రోగుల గుండెల్లోకి సూదులు దిగాయి. చివరికి 2017లో ఆయన పనిచేసిన బోస్టన్ ఆసుపత్రి అమెరికా ప్రభుత్వానికి కోటి డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. 2018 అక్టోబరులో ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన 31 పరిశోధనా పత్రాలను వెనక్కి తీసుకోవాలని హార్వర్డ్ తేల్చింది. ఇంత పేరున్న చోటే ఇలా జరిగింది.

మన పక్కనున్న బెంగళూరులోనే స్టెంప్యూటిక్స్ అనే సంస్థ నిజాయితీగా ఒక ప్రయోగం చేసింది. కొత్తగా గుండెపోటు వచ్చిన 20 మందిని తీసుకుని, కొందరికి దాతల మజ్జ కణాలు, కొందరికి ఉత్త ద్రావణం ఎక్కించి, ఎవరికి ఏది ఎక్కిందో రోగికీ డాక్టరుకీ తెలియకుండా పోల్చింది. 2015లో ఫలితం ప్రచురించింది. కణాల వల్ల హాని లేదు, కానీ గుండె పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కూడా లేదు. ఇలా ఉన్నదున్నట్టు చెప్పినవాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది. ఇజ్రాయెల్‌లో హైఫా నగరానికి చెందిన ప్లూరిస్టెమ్ అనే కంపెనీ అచ్చంగా మాయ కణాలతోనే కాళ్లలో రక్తం ఆడనివాళ్లకు పెద్ద ప్రయోగం చేసింది. ప్రయోజనం కనబడే అవకాశం లేదని 2020 డిసెంబరులో ఆపేసింది. ఇంకోవైపు చిలీ దేశంలో 30 మంది గుండె రోగులతో జరిగిన చిన్న ప్రయోగంలో బొడ్డుతాడు కణాలు తీసుకున్నవాళ్లకు కొంత మేలు కనిపించిందని 2017లో ప్రచురించారు. అంటే తలుపు మూసుకోలేదు, అలాగని తెరుచుకోనూ లేదు. ముప్పై మంది మీద చూసినదాన్ని వైద్యం అనరు.

ఇప్పుడు ఎలుకల మాట దగ్గరికి వస్తాను. ఎలుకల ఫలితాన్ని మనుషులకు అమ్మే దుకాణాలు మన నగరాల్లో ఉన్నాయి. గాజు తలుపులు, తెల్లకోట్లు, నవ్వుతున్న రోగుల వీడియోలు. భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక శాఖ కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మార్పిడి తప్ప, మిగతా ఏ జబ్బుకైనా స్టెమ్ సెల్స్ వాడాలంటే అనుమతి పొందిన ప్రయోగంలోనే వాడాలి. బయట వాడితే అది వైద్య వృత్తికి విరుద్ధం. గుండె ఆ మినహాయింపులో లేదు. అనుమతి ఉన్న ప్రతి ప్రయోగానికీ సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టరులో నంబరు ఉంటుంది. 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. ఆ నంబరు ఏమిటని అడగండి. ఫోన్‌లోనే ఎవరైనా చూసుకోవచ్చు. నంబరు చెప్పకుండా ఫీజు చెప్పే చోటినుంచి వెంటనే లేచి వచ్చేయండి. ప్రయోగానికి ఒప్పుకున్న రోగి శాస్త్రానికి తన ఒంటినే ఇస్తున్నాడు. అతని దగ్గర లక్షలు కూడా గుంజితే దాన్ని పరిశోధన అని ఎలా అంటాం?

సువార్తలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ మనం ఎన్నోసార్లు విన్నాం. ఆమె విశ్వాసం మీద ప్రసంగాలు చాలా వచ్చాయి. వైద్యుల చేతుల్లో ఆమె ఆస్తంతా కరిగిపోయి జబ్బు మాత్రం ముదిరిందని మార్కు రాసిన ముక్క మీద ప్రసంగం నేను వినలేదు. ఆ ముక్కను ఈ కాలపు యువతకు చదివి వినిపించాలి.

దీనికి తోడు ఇంకో వ్యాపారం. పట్నం ఆసుపత్రుల్లో గర్భిణి చేతికి రంగురంగుల కాగితాలు ఇస్తారు. బొడ్డుతాడు రక్తం దాచుకోండి, రేపు మీ బిడ్డకు గుండె జబ్బొచ్చినా, ఏ జబ్బొచ్చినా ఇదే ఇన్సూరెన్స్ అంటారు. సొంత బిడ్డ కోసం ఇలా దాచడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని అదే పరిశోధన మండలి చెప్పింది. బొడ్డుతాడు రక్తాన్ని మినహాయిస్తే మాయను గానీ తాడు ముక్కను గానీ డబ్బు తీసుకుని నిల్వచేయడానికి అనుమతే లేదు. నిజానికి ఆ రక్తానికి మంచి బ్యాంకు బిడ్డ ఒళ్లే. బిడ్డ పుట్టాక కనీసం ఒక నిమిషం ఆగి తాడు కోయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ కాసేపట్లో మాయలోని రక్తం బిడ్డకు చేరి నెలల తర్వాత రక్తహీనత రాకుండా కాపాడుతుంది. ఖర్చు సున్నా. కాన్పుకు వెళ్లే చెల్లెలికో వదినకో ఈ ఒక్క మాట చెప్పి పంపండి.

ఇక మొదటి ప్రశ్న, ఆ మాయ ఎవరిది?

మన ఊళ్లలో కాన్పులు ఇంట్లోనే జరిగిన రోజుల్లో మాయను కుండలో పెట్టి గుంత తీసి పూడ్చేవాళ్లు. ఆ పని చేసింది ఎవరు? మంత్రసాని. చాలా ఊళ్లలో ఆమె దళితవాడ నుంచో, ఊరు చిన్నచూపు చూసిన ఇంకో కులం నుంచో వచ్చిన మనిషి. మాయ ముట్టుకోవడం మైల కాబట్టి ఆ పని ఆమెకు. బిడ్డను లోకంలోకి తెచ్చిన చేతులకే వాకిట్లో దూరంనుంచి గింజలు పోసేవాళ్లు. పావగడ తాలూకాలో సూలగిత్తి నరసమ్మ గారు ఉండేవారు. సంచార జాతి కుటుంబం, ఇంట్లో తెలుగే. అవ్వ దగ్గర నేర్చుకున్న విద్యతో, పైసా అడక్కుండా 15,000కు పైగా కాన్పులు చేశారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది క్రిస్మస్ రోజున కన్నుమూశారు. ఆమెలాంటి ఎందరు ఏ పేరూ లేకుండా పోయారో.

ఇప్పుడు కాన్పులు ఆసుపత్రికి మారాయి. 2016 వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం మాయ పసుపు సంచిలోకి వెళ్తుంది. కాల్చేస్తారు, లేదా లోతుగా పూడ్చేస్తారు. కాయితం మీద అది చెత్తే. ఆ చెత్తను ఎత్తే మనిషి కులం కూడా పెద్దగా మారలేదు. అయితే రేపు గుండె మందుకు మాయ ముడిసరుకైతే కంపెనీలకు అది వేల సంఖ్యలో కావాలి. అంత సంఖ్యలో ఎక్కడ దొరుకుతుంది? ప్రభుత్వ ప్రసూతి వార్డుల్లో. నొప్పులు పడుతూ, భర్త బయట నిలబడి, చదువురాని చోట వేలిముద్ర వేసే తల్లి దగ్గర. ఆ వేలిముద్రను సమ్మతి అని రాసుకుంటే చాలా?

అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే పేద నల్లజాతి తల్లికి జరిగింది ఇదే. 1951లో క్యాన్సర్‌తో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్తే ఆమెను అడగకుండానే కణాలు తీసుకున్నారు. ఆ హీలా కణాలతో లోకమంతా పరిశోధనలు నడిచాయి, కంపెనీలు అమ్ముకున్నాయి. ఇంటివాళ్లకు ఏళ్ల తరబడి తెలియనే తెలియదు. ఒక పెద్ద కంపెనీ ఆమె కుటుంబంతో రాజీకి వచ్చింది 2023లో. డెబ్బై రెండేళ్ల తర్వాత.

మన దేశం ఈ విషయంలో ఒక మంచి దారి చూపింది, కానీ మొక్కల విషయంలో. కేరళ అడవుల్లో కాణి తెగవాళ్లు చూపించిన ఆరోగ్యపచ్చ అనే మొక్కతో మందు తయారైనప్పుడు, లైసెన్సు డబ్బులోనూ రాయల్టీలోనూ సగం ఆ తెగకు ఇవ్వాలని ఒప్పందం చేశారు. తర్వాత 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ఇలాంటి వాటాకు చట్టబద్ధత ఇచ్చింది. అదే చట్టంలో జీవ వనరు అంటే ఏమిటో చెప్పే చోట, మానవ జన్యు పదార్థం ఇందులోకి రాదని రాశారు. మనిషిని సరుకుగా చూడకూడదన్న మంచి ఉద్దేశం దాని వెనక ఉండొచ్చు. ఫలితం మాత్రం చూడండి. అడవిలో ఆకు చూపించినవాళ్లకు వాటా అడిగే హక్కుంది, మాయ ఇచ్చిన తల్లికి లేదు.

అయితే ప్రతి తల్లికీ మాయకింత అని డబ్బిద్దామా? నేను ఒప్పుకోను. రక్తం అమ్ముకునే రోజుల్లో ఏం జరిగిందో మనకు తెలుసు. డబ్బు పెడితే దళారీ వస్తాడు, దళారీ వెనక అత్తగారు వస్తుంది, చివరికి ఆ తల్లికి కాదనే స్వేచ్ఛ కూడా పోతుంది. దానం దానంగానే ఉండాలి. వాటా సమాజానికి రావాలి. ప్రభుత్వ ఆసుపత్రి నుంచి మాయ తీసుకున్న ఏ సంస్థ అయినా, రేపు మందు తయారైతే ప్రభుత్వ ఆసుపత్రులకు దాన్ని తయారీ ఖర్చుకే ఇస్తానని ముందే రాసివ్వాలి. సమ్మతి పత్రం తల్లి మాట్లాడే భాషలో ఉండాలి. మన వైపు అయితే తెలుగులోనూ కన్నడంలోనూ. దాన్ని నొప్పుల గదిలో కాకుండా ఏడో నెల చెకప్పులో చదివి వినిపించాలి. కాదంటే వైద్యంలో ఏ తేడా రాదని అందులో మొదటి వాక్యంగానే రాయాలి. ఇవేవీ అసాధ్యం కాదు. మన దగ్గర వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఉంది. 1986 నుంచి ఎముక మజ్జ మార్పిడి చేస్తోంది. అక్కడి స్టెమ్ సెల్ పరిశోధన కేంద్రంతో కలిసి హీమోఫీలియా రోగులు ఐదుగురికి వాళ్ల సొంత మూలకణాలను సరిచేసి ఎక్కించి, 2024 డిసెంబరులో ఫలితాలు ప్రచురించింది. ఐదుగురిలో ఎవరికీ తర్వాత రక్తస్రావం కాలేదు. ఐదుగురే అని వాళ్లే చెప్పారు. వీడియోలు పెట్టి అమ్ముకోలేదు. మిషన్ ఆసుపత్రులు శాస్త్రానికి దూరంగా ఉండాలనేవాళ్లు దీన్ని చూడాలి.

ఇక ఆ వైద్యం ఎవరి గుండెకు అందుతుందన్నది. రేపటి మాట పక్కన పెట్టి ఈ రాత్రి సంగతి చూద్దాం. పేరేసంద్ర బెంగళూరు హైదరాబాదు హైవే మీదే ఉంది. బస్సులూ లారీలూ ఆగకుండా పోతుంటాయి. చిక్కబళ్లాపురం సుమారు 20 కిలోమీటర్లు. ఇంత దగ్గరలో ఉండి కూడా గుండె పట్టేసిన మనిషి గ్యాస్ అనుకుని సోడా తాగి తెల్లారేదాకా పడుకుంటాడు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటల్లో ఇస్తే కండరం బతుకుతుంది, ఆలస్యమైతే మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ పడ్డ తర్వాతే కదా స్టెమ్ సెల్స్ అవసరం పడేది. 2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయాక కర్ణాటక ప్రభుత్వం ఆయన పేరుతో హృదయ జ్యోతి పథకం పెట్టింది. తాలూకా ఆసుపత్రిలో ఈసీజీ తీయడం, దూరంనుంచి జయదేవ లాంటి పెద్దాసుపత్రి నిపుణులు చూడడం, వేల రూపాయల టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇవ్వడం. మంచి పథకం. మన గుడిబండ, బాగేపల్లి, చింతామణి ఆసుపత్రుల్లో ఆ ఇంజెక్షన్ నిల్వ ఉందా? రాత్రిపూట ఈసీజీ తీసే మనిషి ఉన్నాడా? పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు కింద అడిగితే జవాబు ఇచ్చి తీరాలి. యూత్ మీటింగులో ఒక శనివారం సాయంత్రం చాలు ఆ అర్జీ రాయడానికి.

పిల్లల సంగతి ఇంకా చిన్న ఖర్చు. గొంతునొప్పి, జ్వరం, తర్వాత కీళ్ల వాపు. దాన్ని వదిలేస్తే గుండె కవాటాలు పాడవుతాయి. ఇరుకు ఇళ్లలో ఉండే బీదపిల్లలకే ఇది ఎక్కువ. మూడు నాలుగు వారాలకు ఒక పెన్సిలిన్ ఇంజెక్షన్ క్రమం తప్పకుండా వేయిస్తే ఆపరేషన్ దాకా పోదు. పేటెంటు ఎప్పుడో తీరిపోయిన పాత మందు, లాభం లేదు కాబట్టి దానికి వీడియోలు చేసేవాడు లేడు.

ఈ మాయ కణాల కథ మొదలైంది ఒక తల్లి జబ్బుతో అని చెప్పాను. ఆ జబ్బు మన వైపు తల్లులకూ వస్తుంది. కాన్పయిన కొత్తలో ఆయాసం, కాళ్లవాపు, రాత్రిపూట దగ్గు ఉంటే “ఒంట్లో రక్తం లేదు, పచ్చి బాలింత కదా” అని అమ్మలక్కలు సర్ది చెబుతారు. పథ్యం పెడతారు. గుండె నీరసించిందని తేలేసరికి ఆలస్యమవుతుంది. ఒక ఎకో పరీక్షతో తెలిసిపోయే జబ్బు, త్వరగా మందులు మొదలుపెడితే చాలామంది కోలుకునే జబ్బు. చిక్కబళ్లాపురంలో ఒకప్పుడు మిషన్ వాళ్లు కట్టిన ఆసుపత్రి ఇప్పటికీ మన సంఘం చేతుల్లోనే ఉంది. నెలకు ఒక రోజు బాలింతలకు ఉచితంగా ఎకో తీయమని ఆ బోర్డును అడిగే హక్కు కానుక వేసే ప్రతి సభ్యుడికీ ఉంది.

అంతకంటే ముందు, పరికరం ఏదీ అక్కర్లేని పని ఒకటుంది. పేరేసంద్ర చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగే ఆశా అక్కలూ, బాలింతను చూసి ప్రార్థన చేయడానికి వెళ్లే మన స్త్రీల సమాజం వాళ్లూ ఐదో నెల దాటేదాకా ప్రతిసారీ అడగాల్సిన ఒక ప్రశ్న ఉంది: “అమ్మా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడుతోందా, లేచి కూర్చోవాల్సి వస్తోందా?” లేచి కూర్చోవాల్సి వస్తోందని ఆమె అంటే, ప్రార్థన ముగించి, 108కి ఫోన్ చేయాలి.